పునీత జాన్ డి బ్రిట్టో: జీవితం, మరణం, కడలై ప్రశ్న

మన వేదాంత కళాశాలల్లో భారతదేశ సంఘచరిత్ర చెప్పేటప్పుడు తోమా అపొస్తలునితో మొదలుపెట్టి, సిరియా క్రైస్తవులను ఒకసారి పలకరించి, ఒక్క గెంతులో 1706లో తరంగంబాడి రేవులో దిగిన జీగెన్‌బాల్గు దగ్గరకు వచ్చేస్తాము. మధ్యలో ఫ్రాన్సిస్ జేవియర్ పేరు, రాబర్ట్ డి నొబిలి పేరు వస్తాయి. డి నొబిలి కాషాయం కట్టాడు, జందెం వేశాడు అని పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వస్తుంది. జాన్ డి బ్రిట్టో పేరు మాత్రం చాలామంది విద్యార్థులు వినే ఉండరు. ఆయన కథోలిక సంఘం పునీతునిగా ప్రకటించిన హతసాక్షి. ఫిబ్రవరి 4 ఆయన పండుగ. పునీతుల పండుగలు మన ఆరాధనక్రమంలో లేవు గనుక ఆయన మనకు అక్కరలేదనుకోవడం సరికాదని మా అభిప్రాయం. ఆయన పనిచేసిన మదురై మిషనులోనే పనిచేసిన మరొకరు తరువాతి కాలంలో మన పుంగనూరు సీమకు సువార్తను తెచ్చిన మిషనుకు పెద్దగా వచ్చారు. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. ఆయన మరణానికి దారితీసిన సమస్య నేటికీ మన పల్లె సంఘాల్లో కాపరి తలుపు తడుతూనే ఉంది. ఈ వ్యాసం వ్రాయడానికి మమ్మును పురికొల్పినది ఆ రెండవ కారణమే.

చంద్రగిరి కోటలో తొలి ప్రయత్నం

బ్రిట్టో పుట్టుకకు అర్ధశతాబ్దం ముందు జరిగిన ఒక సంగతిని ఇక్కడ చెప్పాలి. తిరుపతికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రగిరి కోటను మనమందరం చూచినవారమే. తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజ్యం కుంచించుకుపోయి, అరవీటి వంశపు రెండవ వేంకటపతి రాయల కాలంలో చంద్రగిరి రాజధాని అయింది. 1598లో మైలాపూరు సాంథోమ్ నుండి సిమావో డి సా, ఫ్రాన్సెస్కో రిచ్చి అనే యేసు సభ గురువులు ఆ కోటకు వచ్చారు. రాజుగారి మామ ఓబరాయలు వారికి అండగా నిలిచాడు. రాజు వారిని ఆదరించి మందిరం కట్టుకొనడానికి అనుమతి ఇచ్చాడు. ఆయన వేంకటేశ్వరుని పరమభక్తుడు. తన నాణేల మీద కూడా ఆ దేవుని పేరే వేయించుకున్నవాడు. అయినా పరదేశి గురువులతో కూర్చొని దేవుని గూర్చి మాట్లాడటమంటే ఆయనకు ఇష్టం. ఆ మిషనుకు వచ్చిన అలెగ్జాండర్ ఫ్రే, బర్తొలొమెయో ఫోంతెబువోని అనే చిత్రకారులు వేసిన క్రీస్తు జీవిత చిత్రాలను చూచి ముచ్చటపడేవాడు.

ఇంత ఆదరణ ఉన్నా సంఘం మాత్రం పుట్టలేదు. రాజధాని వేలూరుకు తరలింది. పదిహేనేళ్లు తిరగకముందే ఆ మిషను ముగిసిపోయింది. అక్కడ పనిచేసిన అంటోనియో రుబీనో తరువాత జపానుకు వెళ్లి 1643లో నాగసాకిలో చిత్రహింసల పాలై మరణించారు. కొలువులో మెప్పు పొందిన సువార్త కోట గోడ దాటి పల్లెకు రాలేకపోయింది. బ్రిట్టో పని సరిగ్గా దీనికి ఎదురుదిక్కున మొదలైంది గనుక ఈ ముచ్చట చెప్పవలసి వచ్చింది.

లిస్బను కుమారుడు

జాన్ డి బ్రిట్టో 1647 మార్చి 1న పోర్చుగల్ రాజధాని లిస్బనులో జన్మించారు. గొప్పింటి బిడ్డ. తండ్రి సాల్వడోర్ డి బ్రిట్టో పెరైరా బ్రెజిల్‌లో పోర్చుగల్ రాజు తరఫున అధికారిగా ఉంటూ, కుమారుడు పసివాడుగా ఉండగానే మరణించాడు. బాలుడు రాజగృహంలో పెరిగి, తరువాత రెండవ పేద్రోగా సింహాసనం ఎక్కిన రాజకుమారునికి తోటివాడయ్యాడు. ఒకసారి ప్రాణం మీదికి వచ్చిన జబ్బు చేసినప్పుడు తల్లి, పునీత ఫ్రాన్సిస్ జేవియర్‌కు మ్రొక్కుకొని, బిడ్డ కోలుకున్నాక ఏడాదిపాటు వానికి యేసు సభవారి నల్లని అంగీ తొడిగిందట. మ్రొక్కుబడులను గూర్చి మన బోధ వేరు. ఆ సంగతి అలా ఉంచుదాము. ఆ తల్లి తొడిగిన అంగీని కొడుకు మళ్లీ విప్పనే లేదు. 1662లో, పదిహేనేళ్ల వయస్సులో, యేసు సభలో చేరాడు. ఇండియాకు పోతానన్నప్పుడు అడ్డుపడినది కూడా ఆ తల్లే. 1673లో గురుపట్టాభిషేకం పొంది, ఆ సంవత్సరమే ఓడెక్కి గోవా చేరారు.

జేవియర్ పేరు వచ్చింది గనుక తెలుగువారమైన మనం గుర్తుంచుకోవలసిన మాట ఒకటి ఉంది. 1544లో కన్యాకుమారి తీరంలోని పరవ క్రైస్తవుల మీద 'వడుగులు' పడి దోచుకున్నారని, పారిపోయి రాళ్ల మధ్య దాగినవారికి ఆహారం తీసుకొని పడవల్లో బయలుదేరానని జేవియర్ తన ఉత్తరాల్లో వ్రాశారు. వడుగులంటే ఉత్తరాది నుండి వచ్చినవారు, అనగా విజయనగరం పక్షాన పోరాడిన తెలుగు సైనికులు. మిషనరీల ఉత్తరాల్లో మన జాతి మొదట కనబడినది సువార్త విన్నవారిగా కాదు, కత్తి పట్టినవారిగా!

పండారస్వామి

బ్రిట్టో చేరిన మదురై మిషనును 1606లో ప్రారంభించినవారు డి నొబిలి. మదురైని అప్పుడు ఏలుతున్నది తెలుగు నాయక రాజులు. డి నొబిలికి సంస్కృతం నేర్పిన శివధర్ముడు తెలుగు బ్రాహ్మణుడే. డి నొబిలి బ్రాహ్మణ సన్న్యాసి పద్ధతిని అవలంబించారు. దాని ఇబ్బంది త్వరలోనే బయటపడింది. ఆ పద్ధతిలో ఉన్న గురువు తక్కువ కులాలవారితో బహిరంగంగా కలిస్తే పైకులాలవారు ఆయన గుమ్మం తొక్కరు. కలవకపోతే సువార్త సగం మందికి మూతపడుతుంది. అందుచేత 1640 ప్రాంతంలో బల్తజార్ డ కోస్టా మరొక మార్గం తీశారు. అదే పండారస్వామి పద్ధతి. పండారాలు శైవ మతంలో బ్రాహ్మణేతర సన్న్యాసులు. వారు అన్ని కులాల వీధుల్లోను తిరిగినా లోకం తప్పుపట్టదు.

బ్రిట్టో ఈ రెండవ మార్గాన్ని ఎంచుకున్నారు. కావిరంగు బట్ట, తలపాగా, పాదాలకు పావుకోళ్లు, చేతిలో కర్ర, అన్నం, కూరాకు. మాంసం లేదు, ద్రాక్షారసం లేదు. పేరు అరుళానందర్. తమిళంలో అరుళ్ అంటే కృప. రాజకుమారునితో ఆడుకున్నవాడు సెంజి ప్రాంతపు పల్లెల్లో నేలమీద పడుకుంటూ, వాగులు దాటుతూ, ఉపదేశుల వెంట కాలినడకన తిరిగారు.

వేషం గూర్చి మన పాఠ్యపుస్తకాల్లో ఎన్నో పేజీలు ఉంటాయి. నిజం చెప్పాలంటే వేషం మార్చడం అంత కష్టం కాదు. భోజనం మార్చడం దానికన్నా కష్టం. అన్నిటికన్నా కష్టమైనది తన జాతివారి ముందు కూడా ఆ మార్పును నిలుపుకొనడం. 1687లో మిషను పనిమీద పోర్చుగల్ పంపబడినప్పుడు బ్రిట్టో లిస్బనులో కూడా మదురై భోజనాన్నే, నేల పడకనే కొనసాగించారని చెబుతారు. అప్పటికి రాజైన పేద్రో, తన కుమారునికి చదువు చెప్పమని, ఇక్కడే ఉండిపొమ్మని బ్రతిమాలాడు. ఆయన ఒప్పుకోలేదు. 1690లో తిరిగి గోవా చేరారు. సెలవుమీద స్వదేశానికి వెళ్లగానే మరో మనిషి అయిపోయే మిషనరీలను, పట్నం వెళ్లగానే పల్లె కాపరి కాకుండా పోయే మన సోదరులను తలచుకున్నప్పుడు ఆ నేల పడక విలువ తెలుస్తుంది.

మొదటి చెర

మరవ దేశం అనగా నేటి రామనాథపురం సీమ. దాని పాలకులు సేతుపతులు. పేరుకు మదురై నాయకుల సామంతులైనా క్రమక్రమంగా స్వతంత్రులయ్యారు. బ్రిట్టో కాలంలో కిళవన్ సేతుపతి అనే రఘునాథ దేవర్ ఏలుతున్నాడు. 1686లో బ్రిట్టో ఆ సీమలో ప్రవేశించి, కొద్ది నెలల్లోనే వందలాది మందికి జ్ఞానస్నానం ఇచ్చారు. ఆ జూలైలో సేతుపతి సేనాపతి ఆయనను, ఆయన ఉపదేశులను పట్టి బంధించాడు. శివనామం ఉచ్చరించమన్నారు. ఒప్పుకోనందున కొట్టారు. గొలుసులతో కట్టి నీళ్లలో ముంచి తేల్చారు. ఎండకు కాలిన బండమీద పడవేశారు. ఆ దెబ్బలు తిన్నది గురువు ఒక్కరే కాదు. పునీతుల చరిత్రల్లో ఉపదేశులు ఒక వాక్యంలో వచ్చి మరుసటి వాక్యంలో మాయమవుతారు. మన తెలుగు మిషను చరిత్రల్లోనూ అంతే. దొరగారి పేరు గోడమీద ఉంటుంది, ఉపదేశి పేరు రిజిస్టరులో కూడా దొరకదు.

చివరకు వారిని రామనాథపురం తెప్పించి సేతుపతి స్వయంగా విచారించాడు. బోధ విన్నాడు. అందులో దోషం కనబడలేదని విడిచిపెట్టి, ఇక మీదట తన దేశంలో బోధించకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. ఈ వివరాన్ని చదువరులు గుర్తుంచుకోవాలి. 1686లో అదే రాజు, అదే బోధ, అదే బోధకుడు. బోధలో చంపదగిన నేరం ఏదీ ఆ రాజుకు కనబడలేదు. ఏడేళ్లలో ఏం మారింది?

తడియ తేవర్ బాప్తిస్మం

మారినది ఒక ఇంటి సంగతి. తడియ తేవర్ మరవ రాజవంశీకుడు. సింహాసనం మీద న్యాయమైన హక్కు తన శాఖదేనని చెప్పుకొనదగిన వంశం వాడు. ఆయన నయంకాని జబ్బుతో ఉండగా ఒక ఉపదేశి వచ్చి సువార్త పఠించి ప్రార్థించాడు. జబ్బు నయమైంది. తనకు జ్ఞానస్నానం ఇమ్మని అడిగాడు. బ్రిట్టో వెంటనే ఒప్పుకోలేదు. అతనికి అనేకమంది భార్యలున్నారు, ఒక్క భార్యనే ఉంచుకొని తక్కినవారిని విడిచిపెడితే తప్ప కుదరదన్నారు. తడియ తేవర్ ఒప్పుకున్నాడు. 1693 జనవరి 6న, క్రీస్తు ప్రత్యక్షత పండుగనాడు, జ్ఞానస్నానం పొందాడు.

విడువబడిన భార్యల్లో చిన్నామె పేరు కడలై. సేతుపతికి స్వయాన మేనకోడలు. ఆమె మొర పెట్టుకుంది. మేనమామ విన్నాడు. రెండు రోజుల్లోనే, జనవరి 8న, బ్రిట్టోను బంధించారు. సేతుపతికి ఇది కుటుంబానికి జరిగిన అవమానం. అంతే కాదు, సింహాసనం మీద హక్కు చెప్పుకొనే శాఖకూ తన శాఖకూ మధ్య ఈ పెళ్లి ఒక ముడి అయి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. ఆ ముడిని ఒక పరదేశి సన్న్యాసి విప్పాడు. పైగా హక్కుదారుడైన దాయాది, రోజురోజుకు పెరుగుతున్న ఒక కొత్త సమాజంలో చేరిపోయాడు. ఏ రాజైనా ఉలిక్కిపడే విషయమే.

తడియ తేవర్‌కు పలుకుబడి ఉన్నందున రాజధానిలో బహిరంగంగా చంపడానికి వెనుకాడి, దేశబహిష్కారం అని పైకి చెప్పి, బ్రిట్టోను సరిహద్దులోని ఒరియూరుకు, తన తమ్ముడు ఉడైయ తేవర్ దగ్గరకు పంపాడు. చంపమన్న ఆజ్ఞ రహస్యంగా వెళ్లింది. ఫిబ్రవరి 3న బ్రిట్టో చెరసాలలో బొగ్గును నీళ్లతో నూరి, పుల్లతో, తన పైవారికి కడపటి ఉత్తరాలు వ్రాశారు. మరునాడు 1693 ఫిబ్రవరి 4, భస్మ బుధవారం. ఆయన శిరచ్ఛేదం జరిగింది. నలభై ఆరవ ఏడు ఇంకా నిండలేదు. ఆ ఇసుక నేల ఎర్రగా ఉంటుందని, అది ఆయన రక్తపు రంగని యాత్రికులు నమ్ముతారు. నేటికీ కులమత భేదం లేకుండా ఒరియూరుకు జనం వస్తారు.

హేరోదియ స్థానంలో కడలైని కూర్చోబెట్టవచ్చునా?

బ్రిట్టో చరిత్ర వ్రాసినవారు, ప్రసంగించినవారు ఆయనను బాప్తిస్మమిచ్చు యోహానుతో పోలుస్తారు. పోలిక సహజమే. పేరు ఒకటే, శిరచ్ఛేదం ఒకటే, రెండు చోట్లా గొడవ వివాహం గూర్చినదే. మార్కు 6:17-29 చదివి ఈ కథ చెబితే ప్రసంగం దానంతట అదే నడిచిపోతుంది. కానీ ఈ పోలికను అంగీకరించగానే, చెప్పకుండానే, కడలై హేరోదియ అయిపోతుంది. పగబట్టిన ఆడది, నీతిమంతుని తల కోరినది అయిపోతుంది. ఇక్కడ ఆగి వాక్యాన్ని మళ్లీ చదవాలని మా మనవి.

హేరోదియ తన భర్తను విడిచి అతని సహోదరుని దగ్గరకు వచ్చింది. కడలై ఎవరినీ విడువలేదు. ఆమెనే విడిచారు. హేరోదియ వివాహాన్ని ధర్మశాస్త్రం నిషేధించింది. కడలై వివాహం ఆమె ఎరిగిన ధర్మం ప్రకారం, పెద్దల సమక్షంలో, రాజు మేనకోడలిగా జరిగింది. యోహాను గద్దించింది హేరోదును, తప్పు చేసిన దంపతుల ముఖం ఎదుట. బ్రిట్టో షరతు పెట్టింది తడియ తేవర్‌కు. దాని మూల్యం మాత్రం ఆ మాటలు జరిగిన చోట లేని స్త్రీలు చెల్లించారు. పోలిక వెదకాలంటే ఆదికాండము 21వ అధ్యాయం దగ్గరగా ఉంటుంది. పెద్దింటి శాంతి కోసం, వాగ్దానం కోసమే అనుకుందాము, తెల్లవారుజామున ఒక రొట్టె, ఒక నీళ్ల తిత్తి భుజాన పెట్టి పంపివేయబడిన హాగరు. అక్కడ దేవుడు శారా మాట వినమని అబ్రాహాముతో చెప్పిన మాట నిజమే. అదే దేవుడు అరణ్యంలో హాగరు బిడ్డ మొర విన్నాడన్న మాట కూడా అదే అధ్యాయంలో ఉంది. ఒకటి చెప్పి రెండవది మానడం వ్యాఖ్యానం కాదు.

ఇది చెప్పినందువల్ల బ్రిట్టో హతసాక్షిత్వం తగ్గిపోదు. ఆయన నియమాన్ని సడలించి ఉంటే ప్రాణం దక్కేది. ఆ సంగతి ఆయన ఎరుగుదురు. సేతుపతి స్వభావం 1686లోనే రుచి చూచినవారు. ఆయన పాటించినది తన సంఘపు నియమాన్ని. 1537లో మూడవ పౌలు పోపు, బహుభార్యలున్నవాడు బాప్తిస్మం పొందితే మొదటి భార్యనే ఉంచుకోవాలని, మొదట ఎవరో గుర్తు లేకపోతే ఒకరిని ఎంచుకోవచ్చునని తీర్పు చెప్పారు. 1571లో ఐదవ పయస్ పోపు, తనతో బాప్తిస్మం పొందే భార్యను ఉంచుకోవచ్చునన్నారు. ఈ రెండు తీర్పుల్లోనూ పురుషుడు ఎవరిని ఉంచుకోవాలన్నదే ప్రధాన ప్రశ్న. ఆ ప్రశ్న అడిగిన తీరులోనే కడలైకి చోటు లేదు. మరవ దేశపు ఒక బోధకుడు ఒంటరిగా దానిని మార్చి ఉండవలసిందని మూడు శతాబ్దాల తరువాత కుర్చీలో కూర్చొని తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ కథను తిరిగి చెబుతున్నది ఇప్పుడు మనం. ఆమెను ఏ స్థానంలో నిలబెడతామన్నది మన చేతిలో ఉంది.

ఒక విశేషం. ఆయన పునీత హోదా విషయం రోములో చాలాకాలం తేలనిది కడలై కారణంగా కాదు. ఆయన ధరించిన కావి బట్ట, పాటించిన ఆచారాలు విగ్రహారాధనకు సంబంధించినవా అన్న వివాదం కారణంగా. 1741లో పదునాలుగవ బెనెడిక్ట్ పోపు అవి అడ్డంకి కావని తేల్చారు. ఆ తరువాత యేసు సభనే 1773లో రద్దు చేయడంతో విషయం మళ్లీ మూలబడింది. 1853లో ధన్యునిగా, 1947 జూన్ 22న పన్నెండవ పయస్ పోపు చేత పునీతునిగా ప్రకటింపబడ్డారు. ఈ రెండు సంవత్సరాలూ మన చరిత్రలో కూడా ఉన్నాయి. స్కడ్డర్ సోదరులు ఆర్కాటు మిషనును స్థాపించినది 1853లో. ఆ మిషను సంఘాలు కూడా చేరిన దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినది 1947 సెప్టెంబరులో.

పుంగనూరు దాకా

బ్రిట్టో కడపటి సంవత్సరాల్లో మదురై మిషనులో పనిచేసినవారిలో జాన్ వెనాన్స్ బూషే అనే ఫ్రెంచి గురువు ఒకరు. మొదట సయాముకు వెళ్లి, 1688లో అక్కడి రాజ్యం తారుమారు కాగా వెళ్లగొట్టబడి మన తీరానికి చేరినవాడు. ఒరియూరు హత్య జరిగిన కొన్నేళ్లకు, 1702లో, బూషే కొత్తగా ఏర్పడిన కర్ణాటక మిషనుకు పెద్దగా నియమింపబడ్డారు. పుదుచ్చేరి వెనుక ప్రాంతం నుండి ఉత్తరంగా, తమిళం ఆగి తెలుగు మొదలయ్యే సీమలోకి ఆ మిషను సాగింది. తక్కోలం, అక్కడనుండి పుంగనూరు, ఇంకా పైన అనంతపురం వైపు కృష్ణాపురం. పదునెనిమిదవ శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే పాత చిత్తూరు జిల్లా నేలమీద తెలుగులో క్రైస్తవ ప్రార్థన వినిపించిందన్నమాట. ఆర్కాటు మిషను డాక్టర్ జేకబ్ చేంబర్లెన్ మదనపల్లెలో కాలుమోపడానికి నూటయాభై ఏళ్లకు పైగా ముందు!

అయితే మదురైలోని రెండు పద్ధతుల్లో ఈ ఫ్రెంచి గురువులు తెచ్చుకున్నది బ్రిట్టో పండార పద్ధతి కాదు, డి నొబిలి సన్న్యాసి పద్ధతి. దాని ఫలం రెండు విధాలుగా కనబడింది. విద్య విషయంలో గొప్ప ఫలం. లె గాక్, డి లా లేన్ వంటివారు తెలుగులో గ్రంథాలు, వ్యాకరణం, నిఘంటువు సిద్ధం చేశారు. కాల్మెట్ 1730ల్లో వేదాల ప్రతులు సంపాదించి పారిసు రాజగ్రంథాలయానికి పంపారు. కూర్డూ తెలుగు నిఘంటువు కూర్చడమే గాక, సంస్కృతానికి గ్రీకు, లాటిను భాషలతో గల చుట్టరికాన్ని 1767లో పారిసు పండితుల దృష్టికి తెచ్చారు. ఆ చుట్టరికం కనిపెట్టిన ఖ్యాతి లోకం విలియం జోన్సుకు ఇచ్చింది. ఆయన ఆ మాట చెప్పినది 1786లో.

సంఘం విషయంలో ఫలం కొంత మట్టుకే. రెడ్లవంటి రైతు కుటుంబాలు విశ్వాసంలోకి వచ్చాయి, కరవులకు, దండయాత్రలకు చెదరి కొన్ని గుంటూరు సీమకు వలసపోయాయి. మాలపల్లె, మాదిగపల్లె గడప దగ్గర మాత్రం ఆ కాషాయం ఆగిపోయింది. ఆ గడప దాటిన పని పందొమ్మిదవ శతాబ్దంలో జరిగింది. ఇక్కడ ఆర్కాటు మిషను, తిరుపతి, శ్రీకాళహస్తి వైపు హెర్మన్స్‌బర్గు లూథరన్ మిషను. కులాన్ని విడిచి ఒకే పంక్తిలో కూర్చొని తినకపోతే సభ్యత్వం లేదని మద్రాసు మిషనరీల సమావేశం 1850లో నిర్ణయించడం వెనుక మదురై పద్ధతిని తిరస్కరించే ఆలోచన స్పష్టంగా ఉంది. ఆ నిర్ణయం సరైనదనే మా నమ్మకం. అయితే కులం విషయంలో అంత ఖండితంగా ఉన్న ఆ తరం, బహుభార్యల విషయంలో రోము అడిగిన ప్రశ్ననే మళ్లీ అడిగింది. ఎవరిని ఉంచుకోవాలి?

చిన్నింటి సమస్య

మన పల్లెల్లో పెద్దిల్లు, చిన్నిల్లు అన్న మాటలు అందరికీ తెలుసు. మొదటి భార్యకు బిడ్డలు లేరని ఆమె చెల్లెలినే చేసుకున్నవారు, పొలం దగ్గర ఒక సంసారం ఊళ్లో ఒక సంసారం నడిపేవారు సువార్త విని బాప్తిస్మానికి వస్తారు. కాపరి చేతిలో సిద్ధంగా ఉండే జవాబు ఒకటే. "చిన్నామెను వదిలిపెట్టి రా అన్నా, అప్పుడు ఇస్తాము." చిత్తూరు జిల్లా పల్లెల్లో ముప్పై ఏళ్ల పరిచర్యలో ఆ మాట మేము ఎన్నోసార్లు విన్నాము. విన్నవాడు రెండు వారాల్లో వదిలిపెట్టి వస్తాడు. సంఘం హల్లెలూయ అంటుంది. ఆ రెండు వారాల్లో చిన్నింట్లో ఏం జరిగిందో అడిగినవారు తక్కువ.

చట్టం సంగతి కాపరులకు తెలిసి ఉండాలి. 1955 హిందూ వివాహ చట్టం తరువాత మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండవ పెళ్లి చెల్లదు. అంటే చిన్నామెకు భార్యగా న్యాయస్థానంలో నిలబడటానికి చోటు చాలా ఇరుకు. ఆమె బిడ్డలకు మాత్రం అదే చట్టం ధర్మసంతాన హోదా ఇస్తుంది, తండ్రి నుండి పోషణ పొందే హక్కు వారికి ఉంది. చట్టం ఆమె చేయి వదిలేసిన చోట సంఘం కూడా వదిలేస్తే, ఆమె దృష్టిలో బాప్తిస్మం అంటే ఏమిటి? తనను వీధిలోకి నెట్టిన కర్మకాండ. రేపు ఆమెకు సువార్త చెప్పడానికి ఏ ముఖంతో వెళ్తాము?

ధర్మశాస్త్రమే, బహుభార్యాత్వం వాడుకలో ఉన్న కాలంలో, ఒకడు మరొకతెను చేసుకున్నా మొదటి ఆమెకు ఆహారం, వస్త్రం, దాంపత్యధర్మం తగ్గించకూడదని ఆజ్ఞాపించింది (నిర్గమకాండము 21:10). అక్కడ దేవుడు కొలిచినది పురుషుని పవిత్రతను మాత్రమే కాదు, స్త్రీ పళ్లెంలోని అన్నాన్ని కూడా. 1 కొరింథీ 7:12-16లో పౌలు, అవిశ్వాసియైన భార్య కాపురం చేయడానికి ఇష్టపడితే ఆమెను విడువవద్దంటాడు. ఈ వచనం బహుభార్యల గూర్చి వ్రాసినది కాదు, నిజమే. కానీ విశ్వాసం పేరు చెప్పి భార్యను పంపివేయడం పౌలుకు సులభంగా తోచలేదని మాత్రం ఇక్కడ స్పష్టం. 1 తిమోతి 3:2 అధ్యక్షునికి పెట్టిన అర్హత. దానిని బాప్తిస్మం కోరే ప్రతివానికి అన్వయించవచ్చునా అన్నది చర్చించదగిన విషయం. మా మట్టుకు ఆ వచనం పెద్దల ఎన్నికకే చెందుతుంది.

ఆంగ్లికన్ బిషప్పులు 1888 లాంబెత్ సమావేశంలో బహుభార్యలున్నవానికి బాప్తిస్మం ఇవ్వకూడదు, ఉపదేశం మాత్రం ఇస్తూ ఉండాలని తీర్మానించారు. సరిగ్గా నూరేళ్ల తరువాత, 1988లో, ఆఫ్రికా బిషప్పుల అనుభవం విని, ఆ తీర్మానాన్ని మార్చారు. అట్టివాడు తన భార్యలతో, బిడ్డలతో కూడ బాప్తిస్మం పొందవచ్చు. ఉన్న భార్యలు జీవించి ఉండగా మరొకరిని చేసుకోకూడదు. స్థానిక సంఘం సమ్మతి ఉండాలి. భార్యలను విడిచిపెట్టమని అతనిని బలవంతపెట్టకూడదు, ఎందుకంటే వారు సమాజంలో దిక్కులేనివారవుతారు. ఆ చివరి కారణం చదివినప్పుడు మాకు కడలై గుర్తుకు వచ్చింది. మన సంఘాలన్నీ ఆ తీర్మానాన్ని అంగీకరించవు. క్రమశిక్షణ సడలుతుందని, చిన్నిల్లు పెట్టుకున్నవాడికి అది సాకు అవుతుందని భయపడే పెద్దల మాటలో బలం ఉంది. పెళ్లి పేరు కూడా లేని రహస్య సంబంధాన్ని, ఊరెరిగిన రెండవ సంసారాన్ని ఒకే కాటాలో తూచకూడదు కూడా.

ఏ పక్షాన నిలిచినా చేయవలసిన పని ఒకటి ఉంది. అటువంటివాడు బాప్తిస్మానికి పేరు ఇచ్చినప్పుడు మా పాస్టరేటులో మొదట చిన్నింటికి వెళ్తాము, పాస్టరమ్మగారిని, స్త్రీల సమాజం పెద్దమ్మను వెంటబెట్టుకొని. ఆమె ఏమి కోరుకుంటున్నదో ఆమె నోటితోనే వింటాము. ఆమె వేరు ఉండటానికి ఇష్టపడితే, ఇల్లు ఎవరి పేరున ఉండాలి, ఎకరం చేనులో ఎంత ఆమె బిడ్డలకు వ్రాయాలి, నెలకు బియ్యం ఎంత, బడి ఫీజు ఎవరు కట్టాలి అన్నవి ఊరి పెద్దల ఎదుట కాగితం మీద పెట్టిస్తాము. బాప్తిస్మపు తారీఖు ఆ కాగితం మీద ఆమె వేలిముద్ర పడిన తరువాతనే నిర్ణయమవుతుంది.